ఈగల ప్రాజెక్టు మొదలుపెడుతున్న సింధుకు

చి. సింధుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు ఇంటి ఈగల మీద ఉండే బాక్టీరియా చూడమన్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. నీ స్నేహితురాళ్లు మొహం చిట్లించారట కదా, పట్టించుకోకు. ముప్పై ఏళ్లు మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసినదాన్ని చెబుతున్నా, ఇది చాలా అవసరమైన పని. పాకిస్తాన్‌లో కొన్ని పల్లెల్లో ఈగల మందు కొట్టి చూస్తే, కొట్టని పల్లెలతో పోలిస్తే చిన్నపిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పసిపిల్లల ప్రాణాలతో ముడిపడ్డ సంగతి ఇది.

ముందు ఒక సాయంత్రం వేరే పని పెట్టుకోకుండా, చక్కెర పలుకు మీద వాలిన ఈగను లెన్సులోంచి చూడు. దానికి నమిలే నోరు లేదు. లోపలి నుంచి ఒక చుక్క పైకి తెచ్చి పలుకు మీద వదులుతుంది. అది కరిగాక తొండంతో పీల్చుకుంటుంది. కాసేపటికి పక్కనే రెట్ట వేస్తుంది. కాళ్ల చివర జిగురు మెత్తలుంటాయి, ఒళ్లంతా నూగు. సూక్ష్మజీవి ఆహారం మీదికి చేరే దారులన్నీ ఆ ఒక్క పలుకు దగ్గరే కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక ఈగను అగార్ ప్లేటు (సూక్ష్మజీవులు పెరిగేందుకు పోషకాల జెల్లీ పోసిన పళ్లెం) మీద నాలుగడుగులు నడిపించి, ప్లేటును ఇంక్యుబేటర్లో, అంటే వెచ్చగా ఉంచే పెట్టెలో, పెట్టు. తెల్లారి చూస్తే అది నడిచిన దారంతా ముగ్గు చుక్కల్లా కాలనీలు, అంటే బాక్టీరియా గుంపులు, లేచి ఉంటాయి. నేను మొదటిసారి చూసిన రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

ఈగల్ని పట్టేటప్పుడు వల వాడకపోతేనే మేలు. వలలో చిక్కిన ఈగ కంగారులో కక్కుతుంది, రెట్ట వేస్తుంది, అదంతా తర్వాత పడే ఈగకు అంటుకుంటుంది. స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా చేసిన) ట్యూబు మూతి ఈగ మీద బోర్లిస్తే అదే పైకి ఎగిరి లోపలికి వస్తుంది. ట్యూబుకు ఒక్క ఈగే. వెంటనే ఐసులో పెడితే కదలకుండా ఉంటుంది. చేపల మార్కెట్లో ఆకుపచ్చగా నిగనిగలాడే పెద్ద ఈగలు కూడా పడతాయి, వాటిని ఇంటి ఈగల లెక్కలో కలపకు. ఇంకొక మాట: వెళ్లిన ప్రతి చోటా ఒక ఖాళీ ట్యూబు మూత తీసి, అంతసేపే ఉంచి, మూసి తీసుకురా. దాన్నీ ఈగ ఉన్న ట్యూబులాగే కడిగి ప్లేటు వెయ్యి, అంటే ఆ నీళ్లను అగార్ మీద పరిచి పెంచు. అందులో ఏదైనా మొలిస్తే అది ఈగది కాదు, గాలిదో ట్యూబుదో.

కడగడం దగ్గరే నేను దెబ్బతిన్నాను, అందుకే ఇది నిదానంగా చదువు. ట్యూబులో 1 మి.లీ. స్టెరైల్ సెలైన్ (ఉప్పునీరు) పోసి బాగా కుదిపితే వచ్చే నీళ్లు ఈగ ఒంటి పైనున్న వాటి లెక్క. తర్వాత అదే ఈగను 70 శాతం ఆల్కహాల్లో ముంచి, సెలైన్‌తో రెండు మూడు సార్లు కడిగి, అప్పుడు నలిపితే లోపలి లెక్క. ఆ చివరిసారి కడిగిన నీళ్లను కూడా ప్లేటు వెయ్యాలి. అందులో ఏమీ మొలవకపోతేనే లోపలిది లోపలిదని చెప్పగలం. మొదట్లో నేను ఆ ప్లేటు వెయ్యలేదు. మూడు నెలల పని పట్టుకుని మా గైడ్ దగ్గరికి వెళ్తే, "ఇవి పేగులోవని ఎలా తెలుసు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అన్నీ మళ్లీ చేశాను.

పలుచన చెయ్యకుండా ప్లేటు వేస్తే కాలనీలు కలిసిపోయి లెక్కకు అందవు. 100 రెట్లు పలుచన చేసి 0.1 మి.లీ. వేస్తే 42 కాలనీలు వచ్చాయనుకో, ఆ ఒక్క ఈగ మీద 42,000 (42 × 100 × 10; 0.1 మి.లీ. అంటే పదో వంతు కదా) ఉన్నట్టు. ప్లేటు మీద 30కి తక్కువ, 300కి ఎక్కువ వస్తే ఆ లెక్క తీసుకోకు.

మాకాంకీ అగార్ (పేగు బాక్టీరియాను రంగుతో వేరుచేసి చూపే జెల్లీ) మీద గులాబీ కాలనీ కనిపిస్తే లాక్టోజ్ (పాలలోని చక్కెర) వాడుకునేదని అర్థం, అంతవరకే. రంగు లేని కాలనీ చూసి టైఫాయిడ్ లాంటి జబ్బులు తెచ్చే సాల్మొనెల్లా దొరికిందని సంబరపడకు. ప్రోటియస్, సూడోమొనాస్ లాంటి వేరే బాక్టీరియా కావచ్చు. బయోకెమికల్ పరీక్షలు అయ్యేదాకా నోట్‌బుక్‌లో "రంగు లేనిది" అనే రాయి. థీసిస్‌లో కూడా "ఈగ మీద ఉంది" అనే మాటను "ఈగ వల్ల జబ్బు వచ్చింది" అని మార్చి రాయకు. ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. నీ ప్రయోగం మొదటిదాన్నే చూపగలదు.

వాడిన ప్లేట్లు, నలిపిన ఈగలు అన్నీ ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిలో ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే పాత్రలో) పెట్టాకే చెత్తలోకి. ల్యాబు బల్ల మీద టిఫిన్ బాక్సు విప్పకు, గోళ్లు కత్తిరించుకో.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు నోట్‌బుక్ తీసుకురా. ఖాళీ ట్యూబుల ప్లేట్లు, చివరిసారి కడిగిన నీళ్ల ప్లేట్లు ఉన్న పేజీలకు గుర్తు పెట్టుకో. నేను ముందు అవే చూస్తాను.

మీ పెద్దమ్మ