తరగతి గది వదిలి లిటరసీ కోచ్‌గా వెళ్లవచ్చా?

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ)గా పనిచేస్తున్నాను. 2012 డీఎస్సీలో ఎంపికయ్యాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎక్కువగా ఒకటి, రెండు తరగతులకే చెబుతున్నాను. తొలిమెట్టు (ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం) శిక్షణలలో మండల రిసోర్స్ పర్సన్‌గా పనిచేసిన తరువాత, పిల్లలకు చదవడం, రాయడం నేర్పే విషయంలో తోటి ఉపాధ్యాయులకు తోడ్పడే పని మీద ఆసక్తి పెరిగింది. ఒక స్వచ్ఛంద సంస్థ మూడేళ్ల కాంట్రాక్టు మీద ‘లిటరసీ కోచ్’ ఉద్యోగం ఇస్తామంటోంది. నెలాఖరులోగా సమాధానం చెప్పాలి. సర్కారు నౌకరి వదులుకోవద్దని ఇంట్లో అంటున్నారు. నాకు ఎం.ఎడ్. లేదు, ఇంగ్లిషు కూడా అంతంతమాత్రమే. ఏం చేయమంటారు?

సమాధానం: మీ లేఖలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ పని మీకు సరిపోతుందా అన్నది ఒకటి, దాని కోసం ఉద్యోగం వదులుకోవాలా అన్నది మరొకటి. ఇంట్లో చర్చంతా రెండోదాని చుట్టూ తిరుగుతున్నట్లుంది గానీ, మొదటిది తేలకుండా రెండోది తేలదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ నెలాఖరుకు రాజీనామా ఇవ్వకండి; కోచ్ పనిని మాత్రం ఈ విద్యాసంవత్సరంలోనే, ఉన్న చోటనే మొదలుపెట్టండి.

ఇన్నేళ్లూ మీరు నేర్పింది ఆరేడేళ్ల పిల్లలకు. కోచ్‌గా వెళితే మీ విద్యార్థి మారిపోతారు. నిన్నటిదాకా స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశంలో మీ పక్క కుర్చీలో కూర్చున్న మేడం, సర్వీసులో మీకంటే పదేళ్లు పెద్దవారైన సారు, తన తరగతికి ఎవరు వచ్చినా తప్పులు వెతకడానికే వచ్చారని ముందే నిశ్చయించుకున్న మరో ఉపాధ్యాయుడు, వీరే ఇకమీదట మీ తరగతి. ఒక పిల్లవాడు మొదటిసారి కథ చదివి పుస్తకం మూసి నవ్వినప్పుడు ఆ నవ్వు వారి టీచరుకు దక్కుతుంది, వెనుక బల్ల మీద కూర్చున్న మీకు కాదు. మంచి ఉపాధ్యాయులు ఈ పనిలోకి వెళ్లి ఏడాది తిరక్కుండానే పిల్లలు గుర్తొస్తున్నారని వెనక్కి రావడం నేను చూశాను. అది వారి అసమర్థత కాదు. ఆ పనిలో రోజూ ఏం ఉంటుందో వారికి ముందుగా ఎవరూ చెప్పలేదు.

రిసోర్స్ పర్సన్‌గా చేసిన అనుభవం ఉంది కదా అని మీరు అనవచ్చు. ఆ అనుభవం విలువైనదే, కానీ అది కోచింగ్ కాదు. శిక్షణలో మీరు హాలు ముందు నిలబడి మాట్లాడతారు, ఉపాధ్యాయులు రాసుకుంటారు, చివరి రోజున అందరూ బాగుందంటారు. సోమవారం ఉదయం తరగతిలో ఏం జరుగుతుందో చూసేవారు ఉండరు. శిక్షణలో విన్నది తరగతిలో ఆచరణగా మారాలంటే ఆ తరువాత పక్కన నిలబడి చేయించే మనిషి అవసరమని బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికా విద్యావేత్తలు 1980ల ఆరంభం నుంచే వాదిస్తూ వచ్చారు. ఆ పక్కన నిలబడే పనే కోచ్ పని.

ఆ పని ఎలా ఉంటుందో మీకు బాగా తెలిసిన దృశ్యంతోనే చెబుతాను. రెండో తరగతి పిల్లలు ‘క కా కి కీ’ అంటూ గుణింతం రాగయుక్తంగా, తప్పు లేకుండా వల్లిస్తున్నారు. టీచరు ముఖంలో తృప్తి ఉంది. మీరు ఒక బాలికను పిలిచి పలక మీద ‘కి’ ఒక్కటే రాసి ఇదేమిటని అడిగితే, ఆ బాలిక పెదవులు కదుపుతూ ‘క’ దగ్గర మొదలుపెట్టి మెట్లు ఎక్కి ‘కి’ దగ్గరికి వస్తుంది. ఆమెకు వరుస వచ్చు, అక్షరం రాదు. ఇక్కడ అనుభవం లేని కోచ్ అనేమాట ‘వల్లె వేయించడం మానండి’ అని. అది సరైన మాటే కావచ్చు గానీ ఆ క్షణం నుంచి ఆ టీచరు మనసులో మీకు తలుపు మూసుకుపోతుంది. అనుభవం ఉన్న కోచ్ ‘మేడం, వరుస తప్పించి పది కార్డులు రాసి చూపిద్దామా, ఎవరెవరికి ఎన్ని వస్తాయో మీరే ఊహించి చెప్పండి’ అని అడుగుతారు. ఆ ఊహకూ పిల్లలు చదివిన దానికీ మధ్య ఉన్న తేడాను టీచరు తన కళ్లతో చూస్తారు. మరుసటి వారం ఏం చేయాలో ఆమె మీకంటే ముందే చెబుతారు. ఈ ఓర్పు మీకు ఉందా అన్నదే మీరు మొదట పరీక్షించుకోవలసిన విషయం.

ఓర్పుతో పాటు తెలుగు చదవడం ఎలా వస్తుందన్న దాని మీద లోతైన పట్టు కూడా కావాలి, ఎందుకంటే ఇంగ్లిషు కోసం తయారైన పద్ధతులను తెచ్చి తెలుగుకు అతికించే కార్యక్రమాలు తక్కువేమీ లేవు. మన వర్ణమాలలో అక్షరాలు 56 అని చెప్పుకున్నా, గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లవాడి కంటికి కనిపించే రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి సోదరి అయిన కన్నడ లిపిని పిల్లలు నేర్చుకునే తీరుపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలను పూర్తిగా పట్టుకోవడం ఒకటి రెండేళ్లలో ముగిసే పని కాదని చూపింది. మూడో తరగతిలో సంయుక్తాక్షరాల దగ్గర తడబడే పిల్లవాడిని వెనుకబడినవాడని రాసేసే ముందు ఇది గుర్తుండాలి. ఇంకొక చిత్రం చూడండి: ‘అ’కు బొమ్మగా ‘అమ్మ’ను మొదటి రోజే చూపిస్తాం, ఆ మాటలోని ఒత్తును మాత్రం వరుసలో చిట్టచివరకు నెట్టేస్తాం. అన్న, అవ్వ, పిల్లి, కుక్క వంటి మాటలన్నీ ఒత్తుల కోసం అలా ఎదురుచూస్తూ ఉంటాయి. దేవరకొండ వైపు తండాల బడులకు వెళితే ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు ఉంటారు. అక్కడ సమస్య అక్షరం కంటే ముందు, మాట అర్థంతోనే మొదలవుతుంది. ఇలాంటి చోట టీచరుకు ఏం సూచించాలో చెప్పగలిగినవారు తక్కువ. ఒకటి, రెండు తరగతులను అంటిపెట్టుకుని ఉన్న మీలాంటివారికి ఇదే అసలైన అర్హత, దీన్ని మీరు లేఖలో ప్రస్తావించనైనా లేదు.

కోచ్ పనిని చెడగొట్టేవాటిలో మొదటిది తనిఖీ. మీరు చూసిన తరగతుల వివరాలు ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికో నోడల్ అధికారికో పేర్లతో సహా చేరితే, రెండో నెల నుంచి మీరు వెళ్లిన ప్రతి బడిలోనూ ముందుగా తయారుచేసిన పాఠమే కనిపిస్తుంది. అందువల్ల ఏ వివరం పైకి వెళుతుంది, ఏది ఉపాధ్యాయుడికీ మీకూ మధ్యనే ఉంటుంది అన్నది పని మొదలు కాకముందే అందరి సమక్షంలో తేలిపోవాలి. రెండోది సంఖ్య. మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ 2018లో కోచింగ్‌పై జరిగిన 60 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, ఉపాధ్యాయుల బోధనలో మార్పు బాగా కనిపించింది, పిల్లల ఫలితాలలో అంతకంటే తక్కువగా కనిపించింది, కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ రెండూ పలుచబడ్డాయి. ఒక కోచ్‌కు యాభై, అరవై బడులు అప్పగిస్తే ఆమె చేయగలిగేది హాజరు వేయించుకుని ఫోటో తీసుకోవడమే. ఆ ఉద్యోగానికి కోచ్ అన్న పేరు పెట్టినా మీకు కావలసిన పని అందులో ఉండదు.

ఇక ఉద్యోగం సంగతి. ఇంట్లోవారి భయం అర్థం లేనిది కాదు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారు కాబట్టి మీరు సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం ఇద్దరూ వాటా చెల్లించే పెన్షన్ పథకం) పరిధిలోకి వస్తారు. మీ పెన్షన్ ఖాతా మీతోనే ఉంటుంది గానీ, రాజీనామాతో సీనియారిటీ పోతుంది, స్కూల్ అసిస్టెంటుగానో ఎల్‌ఎఫ్‌ఎల్ (ప్రాథమిక పాఠశాల) ప్రధానోపాధ్యాయురాలిగానో పదోన్నతి పొందే దారి మూసుకుపోతుంది, మళ్లీ రావాలంటే డీఎస్సీ రాయవలసిందే. రాజీనామా లేకుండా సెలవు మీదనో డెప్యుటేషన్ మీదనో వెళ్లే వీలు మీ విషయంలో ఉందా అన్నది డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, తోటివారు నోటితో చెప్పినదాన్ని నమ్ముకోకండి. ఆదివారాలు ఆ సంస్థకు పారితోషికం మీద పనిచేసి చూద్దామన్న ఆలోచన ఉంటే అదీ ఆపండి. 1964 నాటి ప్రవర్తనా నియమావళి కింద ప్రభుత్వ అనుమతి లేకుండా అలా చేయడం మీకే చిక్కు తెస్తుంది.

నేను చెప్పే దారి ఇది. మీ కాంప్లెక్స్‌లో మిమ్మల్ని ఇష్టంగా రమ్మనే ఇద్దరు ఉపాధ్యాయులను ఎంచుకోండి, మొదటి ఏడాదికి ఇద్దరు చాలు. ప్రధానోపాధ్యాయుల, ఎంఈఓ గారి అనుమతితో వారానికి ఒక పీరియడ్ వారి తరగతిలో కూర్చోండి, ఒకసారి మీరు పాఠం చెప్పి చూపించండి, ఒకసారి ఇద్దరూ కలిసి చెప్పండి, ఒకసారి ఆ టీచరు చెప్పగా మీరు చూడండి. ప్రతిసారీ పాఠం తరువాత పది నిమిషాలు మాట్లాడుకోండి, ఆ పది నిమిషాలలో ఎక్కువసేపు ఆ టీచరే మాట్లాడేలా చూడండి. ఆరంభంలోనూ చివరలోనూ ఆ పిల్లలను అక్షరాలు, పదాలు, పేరా, కథ అనే ‘అసర్’ (ప్రథమ్ సంస్థ జరిపే విద్యా సర్వే) తరహా మెట్ల మీద చదివించి నమోదు చేసుకోండి. పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసేందుకు కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యంగా పెట్టింది. గడియారం పెట్టి లెక్కించండి గానీ ఆ అంకెకు దాసులు కాకండి. ‘చదువుకుంటున్నాడని’ అనే ఒక్క తెలుగు మాటలో ఇంగ్లిషువారి నాలుగైదు మాటలు ఇమిడి ఉంటాయి, కాబట్టి నిమిషానికి ఇన్ని మాటలన్న లెక్క అన్ని భాషలకూ ఒకేలా సరిపోదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ జరిపిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీ ఒక్కొక్క భాషకు వేర్వేరుగా చదివే స్థాయిలను నిర్ణయించింది కూడా.

ఏడాది చివరకు మీ చేతిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది. అందులో ఏ టీచరుతో ఏం ప్రయత్నించారు, ఏది పనిచేయలేదు, పిల్లలు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారు అన్నవి తేదీలతో ఉంటాయి. ఈ రంగంలో ఇంటర్వ్యూ చేసేవారు సర్టిఫికెట్ల కంటే ఇటువంటి పుస్తకాన్నే ముందు తిరగేస్తారని నా అనుభవం. అది డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ)లోనూ ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) మాడ్యూళ్ల తయారీలోనూ అవకాశాలకు పనికొస్తుంది. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, రూమ్ టు రీడ్, ప్రథమ్ వంటి సంస్థలలో దరఖాస్తు చేసినా అదే మీ తరఫున మాట్లాడుతుంది. కార్పొరేట్ బడులలోని అకడమిక్ కోఆర్డినేటర్ ఉద్యోగాల జోలికి పోకండి. ఎక్కువ చోట్ల అది లెసన్ ప్లాన్‌లు దిద్దే, తల్లిదండ్రుల ఫిర్యాదులకు జవాబు చెప్పే పని.

ఎం.ఎడ్. గురించి బెంగ వద్దు. డైట్ అధ్యాపక పోస్టు మీ గమ్యమైతే పీజీ, ఎం.ఎడ్. తప్పవు, కోచ్ పనికి అది తలుపు తాళం కాదు. ఇంగ్లిషు విషయం వేరు. సంస్థలలో నివేదికలు చాలావరకు ఇంగ్లిషులోనే నడుస్తాయి కాబట్టి, నోటుపుస్తకంలో వారానికి ఒక పేజీ ఇంగ్లిషులో రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి. తప్పులు ఉంటే ఉండనివ్వండి, రాయడం ఆగకూడదు.

నెలాఖరు గడువు మాటకు వస్తే, ఈ వారంలోనే ఆ సంస్థకు నాలుగు ప్రశ్నలు రాసి పంపండి. ఒక కోచ్‌కు ఎందరు ఉపాధ్యాయులు, ఒక్కొక్కరి తరగతికి నెలలో ఎన్నిసార్లు వెళ్లాలి? ప్రయాణం ఖర్చు ఎవరిది? పరిశీలన వివరాలు ఎవరికి చేరతాయి? మూడేళ్లకూ నిధులు ఇప్పటికే ఖరారయ్యాయా, లేక నిపుణ్ భారత్ గడువైన 2026–27తో ఈ పోస్టు కూడా ముగిసిపోతుందా? వీటితో పాటు, ప్రస్తుతం పనిచేస్తున్న ఒక కోచ్ వెంట వేతనం లేకుండా రెండు రోజులు తిరగనివ్వమని అడిగి, మీ సెలవులలో వెళ్లి చూడండి. జవాబులు రాతలో వచ్చి, సెలవు మీద వెళ్లే అనుమతి డీఈఓ కార్యాలయం నుంచి దొరికితే చేరండి. ఈ రెండింటిలో ఏది కుదరకపోయినా, వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేస్తానని వారికి మర్యాదగా ఉత్తరం రాయండి.