థీసిస్ సారాంశం: అంకెలు లేకపోతే తప్పా?

ప్రశ్న: నేను చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కరువుకాలంలో ధాన్యం వ్యాపారం నా అంశం. సారాంశం రాసిస్తే మా గైడ్ "ఇందులో విషయమే లేదు" అని తిప్పి పంపారు. రసాయనశాస్త్రం చేస్తున్న నా స్నేహితురాలి సారాంశం నిండా అంకెలే. నా దాంట్లో ఒక్కటీ లేదు. అదేనా లోపం? మొదటి రెండు వాక్యాలు పంపుతున్నాను, చూడండి. నిజానికి వ్యాపారుల ఖాతాలు, రవాణా సుంకం రికార్డులు చూశాక నాకు తేలింది, పంట పోవడం కంటే ధాన్యం ఎక్కువ ధర పలికే చోటికి తరలిపోవడం వల్లే కరువు ముదిరిందని.
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: లోపం అంకెల్లో లేదమ్మా. చరిత్ర థీసిస్‌లకు పరీక్షకుడిగా ఉంటూ, పరిశోధన మండలి సమావేశాల్లో మిగతా శాఖల సారాంశాలు కూడా ఏళ్ల తరబడి చదివాను. ఏ శాఖదైనా సారాంశం తెరిచినవాళ్లు వెతికేది, చివరికి ఏం తేలిందని. తేలిన విషయం మాత్రం ఒక్కో శాఖలో ఒక్కో రూపంలో ఉంటుంది. మీ స్నేహితురాలికి అది దిగుబడి శాతం, ఉష్ణోగ్రత. గణితంలో అయితే సిద్ధాంతం. జాన్ నాష్ 1950లో ప్రిన్స్‌టన్‌లో సమర్పించిన థీసిస్ 28 పేజీలే. ఏ ఆటలోనైనా కనీసం ఒక సమతుల్య స్థితి (ఏ ఆటగాడూ తానొక్కడే ఎత్తు మార్చుకుని లాభపడలేని స్థితి) ఉంటుందన్న నిరూపణే తన ప్రధాన ఫలితమని అందులో సారాంశంలోనే చెప్పేశారాయన. లోపలి పేజీల దాకా ఎవరినీ ఆగమనలేదు.

వైద్యంలో ఇంకా కచ్చితంగా ఉంటారు. ఉద్దేశం, పద్ధతి, రోగులు, ఫలితాలు, నిర్ధారణ అని శీర్షికలు పెట్టి రాయాలన్న ప్రతిపాదన 1987లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. తీరిక లేని డాక్టరు తనకు పనికొచ్చే వ్యాసమేదో త్వరగా తేల్చుకోవాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. చరిత్రకు ఆ శీర్షికలు అతికించకండి, నప్పవు.

ఇక మీ వాక్యాలు: "ఈ సిద్ధాంత గ్రంథంలో కరువుకాలపు ధాన్యం వ్యాపారం తీరుతెన్నులను పరిశీలించడం జరిగింది. కొన్ని ముఖ్యమైన నిర్ధారణలకు రావడం జరిగింది." ఆ నిర్ధారణలేమిటి? అవి చెప్పాల్సిన చోటే దాచారు. మీ గైడ్ కోపం న్యాయమైనదే. ఉత్తరం చివర్లో మాత్రం, నాతో మాట్లాడుతున్నట్టుగా, అసలు సంగతి మీరే రాశారు. దాన్నే ఇలా కూర్చి చూడండి: "పంట పోవడం కంటే, చేతికొచ్చిన ధాన్యం ఎక్కువ ధర పలికే చోటికి తరలిపోవడం వల్లే కరువు ముదిరిందని వ్యాపారుల ఖాతా పుస్తకాలు, రవాణా సుంకం రికార్డుల ఆధారంగా ఈ థీసిస్ వాదిస్తుంది." వాదమూ ఆధారమూ ఒక్క వాక్యంలో ఇమిడాయి. దీంతో విభేదించాలనుకునేవాళ్లకు కూడా ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. అలాంటి వాక్యం రాయడానికి ధైర్యం కావాలి, నాకు తెలుసు. అయినా రాయండి.

దీనికి ముందు, ఇంతవరకు ఈ కరువు గురించి ఏమనుకుంటున్నారో రెండు వాక్యాలు చాలు. అధ్యాయాల వరుస వద్దు, అది థీసిస్‌కు ముందు సమర్పించే సినాప్సిస్‌లో ఇచ్చే ఉంటారు.

ప్రశ్న: సారాంశం ఎన్ని మాటలుండాలి? ముందే రాసిపెట్టుకోవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: మీ విశ్వవిద్యాలయం నిబంధనే ప్రమాణం. చాలాచోట్ల వినిపించే 350 మాటల లెక్క, అమెరికాలో డాక్టరేట్ సారాంశాలను సూచికలుగా అచ్చువేసే రోజుల్లో పెట్టిన హద్దు. మాస్టర్స్‌కు అప్పట్లో 150.

ముందే రాసుకోండి, దారి తప్పకుండా ఉంటారు. కానీ చివరి అధ్యాయం ముగిశాక మళ్లీ కూర్చుని, సారాంశంలోని ప్రతి అంకెనూ లోపలి పట్టికతో పోల్చి చూడండి. పట్టిక మారి, సారాంశంలో పాత అంకె అలాగే ఉండిపోయిన థీసిస్‌లు నా చేతికి చాలానే వచ్చాయి. మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.