మట్టి బాక్టీరియా నుంచి వచ్చిన మందు.. కిడ్నీ మార్పిడి అయినవారు వాడొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58. ఎనిమిది నెలల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. రోజూ రెండు పూటలా టాక్రోలిమస్ వేసుకుంటున్నారు. ఈ మందు మట్టిలోని బాక్టీరియా నుంచి తయారవుతుందని మా తమ్ముడు ఎక్కడో చదివి చెప్పాడు. అప్పటి నుంచి నాన్నగారికి ఒకటే టెన్షన్. ‘ఇన్ఫెక్షన్లు రాకుండా జాగ్రత్తపడమంటూ బాక్టీరియానే మింగిస్తున్నారా?’ అంటున్నారు. మట్టి బాక్టీరియాతో చేసిన ప్రోబయాటిక్ పొడి వాడితే ఇమ్యూనిటీ పెరుగుతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. అది ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: మీ తమ్ముడు చదివింది నిజమే. 1984లో జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియాలో ఈ మందును కనుగొన్నారు. ఇంగ్లిష్‌లో రాస్తే టాక్రోలిమస్‌లోని మొదటి ‘టి’ ఆ ఊరి పేరులోదే. అయితే క్యాప్సూల్‌లో ఉండేది బాక్టీరియా కాదు. దాన్ని ట్యాంకుల్లో పెంచి, అది తయారుచేసే ఒక రసాయనాన్ని మాత్రమే వేరుచేసి, శుద్ధి చేస్తారు. కాబట్టి క్యాప్సూల్ నుంచి ఆ బాక్టీరియా ఒంట్లోకి చేరుతుందన్న భయం అక్కర్లేదు.

మట్టిలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు తిండి కోసం, చోటు కోసం కొట్టుకుంటుంటాయి. స్ట్రెప్టోమైసిస్ కదల్లేదు. సన్నని పోగుల్లా అల్లుకుని ఉన్నచోటే పెరుగుతుంది. అందుకేనేమో, రకరకాల రసాయనాలు తయారుచేయడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. క్షయకు తొలి మందుగా నిలిచిన స్ట్రెప్టోమైసిన్ 1943లో ఈ జాతి నుంచే దొరికింది. వాన పడగానే నేల నుంచి వచ్చే కమ్మని వాసన కూడా చాలావరకు వీటి చలవే.

టాక్రోలిమస్ మన తెల్లరక్తకణాల్లోని టి-కణాలకు అందే ‘దాడి చేయి’ అన్న సంకేతాన్ని ఆపుతుంది. లేదంటే కొత్త కిడ్నీని పరాయిదిగా భావించి అవి దెబ్బతీస్తాయి. నాన్నగారు భయంతో ఒక్క డోసు కూడా మానకూడదు. నాకు అసలు ఆందోళన అక్కడే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా మట్టి బాక్టీరియా నుంచి వచ్చిందే. దగ్గు, గొంతునొప్పి అని సొంతంగా అదో, దాన్నే కాస్త మార్చి చేసిన క్లారిత్రోమైసినో కొని వేసుకుంటే రక్తంలో టాక్రోలిమస్ మోతాదు బాగా పెరిగిపోతుంది. చేతులు వణకడం, తలనొప్పి రావచ్చు, కిడ్నీకే దెబ్బ తగలొచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్ మూలమూ మట్టి బాక్టీరియానే. అది ఇందుకు పూర్తిగా విరుద్ధం. టాక్రోలిమస్‌ను కాలేయం త్వరగా విరిచేసేలా చేస్తుంది. దాంతో మోతాదు పడిపోయి, శరీరం కిడ్నీని తిరస్కరించే ప్రమాదం ఉంటుంది. ఒకే మట్టిలో పుట్టినంత మాత్రాన ఇవి ఒకదానితో ఒకటి సర్దుకుపోవు! ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు టాక్రోలిమస్ వాడుతున్నారని చెప్పండి. గ్రేప్‌ఫ్రూట్ అనే పంపరపనస లాంటి పండు కూడా మోతాదును పెంచుతుంది, వద్దు.

ఇక ఆ పొడి ఇవ్వకండి. ఇమ్యూనిటీని కావాలనే తగ్గించి ఉంచాం, దాన్ని పెంచుతామనే పొడితో మనకేం పని? పైగా అందులో ఉండేవి బతికున్న బాక్టీరియా. ఆరోగ్యవంతులకు ఏమీ చేయనివి కూడా ఇలాంటివారిలో రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తేవచ్చు. ఒకవేళ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కు చెప్పండి.

మొక్కల పని సరదా ఉంటే చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్క్ తప్పనిసరి. మట్టిలోనే ఉండే నొకార్డియా అనే బాక్టీరియా, కొన్ని రకాల బూజు ఇలాంటివారి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, వాంతులు, విరేచనాలు అయినా ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేయండి. టాక్రోలిమస్ లెవెల్ పరీక్ష ఉన్న రోజు ఉదయం క్యాప్సూల్ వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోమనండి. ముందే వేసుకుంటే రిపోర్టులో అంకె ఎక్కువగా కనిపించి, అనవసరంగా డోసు తగ్గించే అవకాశం ఉంది.