కుక్క చంపిన కోళ్లకు నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక గ్రామం. పక్కింటివారి కుక్క నెలలో రెండుసార్లు రాత్రిపూట పెరట్లోకి వచ్చి, గంపలు పడదోసి తొమ్మిది పెట్టలను, పందేనికి మేపుతున్న డేగ పుంజును చంపింది. బాధలో ఫొటోలు తీయకుండానే పాతిపెట్టేశాం. అడిగితే ‘మా కుక్కేనని రుజువేమిటి?’ అంటున్నారు. మాంసంలో గుళికల మందు కలిపి పెట్టమని కొందరు చెబుతున్నారు. పుంజుకు పందెం ధర రాబట్టవచ్చా?

జవాబు: మీ పక్కింటివారు అడిగిన ప్రశ్ననే కోర్టు కూడా అడుగుతుంది. కుక్క పెంపుడు జంతువు కాబట్టి, కోళ్లను అదే చంపిందని చూపితే సాధారణంగా సరిపోదు. దానికి కోళ్ల మీద పడే అలవాటున్నట్లు యజమానికి ముందే తెలుసని కూడా చూపవలసి ఉంటుంది. మొదటి దాడి జరిగిన మర్నాడే ఒక కాగితం రాసిచ్చి, తీసుకున్నట్లు సంతకం పెట్టించుకుని ఉంటే, రెండో దాడికి ‘మాకు తెలియదు’ అనే అవకాశం వారికి ఉండేది కాదు. మీరు కాగితం రాయలేదు సరికదా, ఒకసారి పడిపోయిన గంపనే మళ్లీ బోర్లించారు. ఎదుటి న్యాయవాది ముందుగా పట్టుకునేది ఈ అజాగ్రత్తనే.

గుళికల మందు ఆలోచన వెంటనే మానండి. ఇతరుల జంతువును విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ మాంసాన్ని ముంగిసో, అడవిపిల్లో తిని చస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మీ మెడకు చుట్టుకుంటుంది. ఆ చట్టం దృష్టిలో విషం పెట్టడమూ వేటే. కంచెకు కరెంటు తీగ చుట్టి, దానికి మనిషి బలైతే నరహత్య కేసే ఎదుర్కోవాలి.

పందెం మాట అర్జీలో ఎక్కడా రాయకండి. నిషేధించిన కోడిపందేలకు పుంజును మేపుతున్నానని మీరే ఒప్పుకున్నట్లవుతుంది. సంతలో నాటు పుంజుకు పలికే ధర మాత్రమే అడగండి.

దావాకు కోళ్లు చచ్చిన తేదీ నుంచి మూడేళ్ల గడువుంది. గడువుందని కూర్చుంటే సాక్షులు మరచిపోతారు. కుక్క మీ పెరట్లోంచి బయటికి పోవడం చూసినవారి పేర్లు, రెండు దాడుల తేదీలు పేర్కొంటూ అందినట్లు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఇకమీదట తెలియదనే వాదనకు తావుండదు. ఆ తర్వాత మండల న్యాయసేవాధికార సంఘంలో దావాకు ముందే అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, ఆ సంఘం నిర్వహించే లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ (తీర్పు) విలువ ఉంటుంది.

ఈలోగా గంపలు పక్కనపెట్టి, గడియ ఉన్న గూడు కట్టించి, చుట్టూ గట్టి ఇనుప మెష్‌ను అడుగు లోతు వరకు భూమిలోకి దింపండి. మళ్లీ కోడి చస్తే పాతిపెట్టక ముందే ఫొటోలు తీసి, పశువైద్యాధికారికి చూపించి, కాటు ఏ జంతువుదో రాయించుకోండి.