ఇంజన్ మార్చిన కారు ఐడిల్‌లో వణుకుతుంటే, ఇంజన్ దించే ముందు ఏం చూడాలి?

ఇంజన్ ఇప్పుడే దించకండి. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి: పాత కార్బ్యురేటర్ కారులో ఇంజెక్షన్ ఇంజన్ వేయించారు, రోడ్డు మీద బాగానే లాగుతోంది, ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు మాత్రం ఆర్‌పీఎం 600కీ 1100కీ మధ్య ఊగుతూ బండంతా వణుకుతోంది. ప్లగ్గులు, కాయిల్స్ మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేయించారు, ఏమీ తేడా రాలేదు. చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదు కాబట్టి సెన్సర్లన్నీ బాగున్నట్టే, పోయింది ఇంజనే అని మెకానిక్ అంటున్నాడు.

ముందు ఆ లైటు సంగతి. కార్బ్యురేటర్ బండి మీటర్‌లో ఆ బల్బు ఉండాల్సిన అవసరమే లేదు కదా, మరి వైరింగ్ చేసినవాళ్లు దాన్ని ఎక్కడైనా కలిపారా? కీ ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా చూడండి, లైటు వెలగాలి. వెలగలేదంటే అది మీకు ఏ కబురూ చెప్పలేదన్నమాట, అంతా బాగుందని కాదు. ఇంజన్ కంప్యూటర్ దాచుకున్న తప్పుల కోడ్లు చూపే ఓబీడీ స్కానర్ పెట్టి ఆ కోడ్లు నేరుగా చదవండి. పీ0171 వస్తే మిక్చర్‌లో గాలి ఎక్కువైందని, పీ0300 వస్తే ఒక సిలిండర్ అని కాకుండా అక్కడా ఇక్కడా మిస్సింగ్ ఉందని, పీ0016 వస్తే క్రాంక్‌కీ (పిస్టన్లతో తిరిగే ఇరుసు) క్యామ్‌కీ (వాల్వులు తెరిచే ఇరుసు) లెక్క కుదరడం లేదని. ఈ చివరిది కనిపిస్తే మిగతావన్నీ పక్కనపెట్టి టైమింగ్ బెల్ట్ ఒక పన్ను జారిందేమో చూడాలి.

నాదీ ఇలాంటి మార్పిడి బండే, నా అనుభవంలో తప్పు ఇంజన్ లోపల కంటే ఇంజన్‌నీ బండినీ కలిపిన చోట్లే ఎక్కువగా దొరుకుతుంది. గొట్టాలు, ఎర్త్ వైర్లు, సైలెన్సర్ జాయింట్, సెన్సర్ వైర్లు, అన్నీ కొత్తగా ఎవరో చేతితో కలిపినవే.

కోడ్ ఉన్నా లేకపోయినా స్కానర్ లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్‌ని తన మామూలు లెక్కకంటే ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె. నన్నడిగితే కొత్త విడిభాగాలన్నిటికంటే ఈ ఒక్క అంకే మీకు ఎక్కువ చెబుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (నేర్చుకుని నిలుపుకున్న సవరణ) రెండూ కలిపి రాసుకోండి, తర్వాత ఆర్‌పీఎం 2500 దగ్గర నిలకడగా పట్టుకుని మళ్లీ రాసుకోండి. ఐడిల్‌లో ప్లస్ 15, 20 శాతం ఉండి 2500 దగ్గర సున్నా దగ్గరికి దిగితే ఎక్కడో గాలి లాగేస్తోంది. లీకు సైజు మారదు, కానీ థ్రాటిల్ తెరిచాక లోపలికి వచ్చే మొత్తం గాలిలో దాని వాటా చిన్నదైపోతుంది, అందుకే రోడ్డు మీద బండి బాగున్నట్టు అనిపిస్తుంది. అలా కాకుండా ఆర్‌పీఎం, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ సరిపోవడం లేదు, పంపు, ఫిల్టర్ వైపు వెళ్లండి.

ఒక మెలిక ఉంది. ఈ లెక్క మాఫ్ సెన్సర్, అంటే గాలిని కొలిచే సెన్సర్, ఉన్న ఇంజన్లలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ప్రెషర్ చూసి పెట్రోల్ లెక్కేసే ఇంజన్లలో లీకు గాలి కూడా లెక్కలోకే వచ్చేస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పడుతుంది, కాబట్టి ట్రిమ్ పెద్దగా మారకుండా ఐడిల్ పైకి ఎక్కుతుంది, ఈసీయూ దాన్ని దించబోతుంది, మళ్లీ ఎక్కుతుంది. మీరు చెప్పిన ఊగుడు అచ్చం అలాగే ఉంది.

నా బండిలో ఐడిల్‌లో ప్లస్ 22, 2500 దగ్గర ప్లస్ 4 చూపించింది. లీకు ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద, లోపలి గోడ వైపు తిరిగి ఉన్న ఒక చిన్న మూతి దగ్గర. ఇంజన్ అసలు బండిలో ఆ మూతికి పెట్రోల్ ఆవిరి లాగే పర్జ్ వాల్వ్ గొట్టం ఉండేది, ఇక్కడ ఆ వ్యవస్థ లేదు కాబట్టి రబ్బరు టోపీ పెట్టి వదిలేశారు, ఆ టోపీ చీలింది. పైనుంచి కనపడదు, చేత్తో తడిమినా తెలియదు, ఇంజన్ వేడెక్కి రబ్బరు మెత్తబడ్డాకే బాగా లాగేది. స్మోక్ మెషిన్ పెడితే పొగ అక్కడినుంచి బయటికొచ్చింది. మీరూ స్మోక్ టెస్టే చేయించండి. కార్బ్యురేటర్ క్లీనర్ చల్లి ఆర్‌పీఎం మారుతుందా చూసే పద్ధతి చాలామంది చెబుతారు, పనిచేస్తుంది కూడా, కానీ వేడి సైలెన్సర్ పైపు పక్కన మండే ద్రవం చల్లడం నాకు ఇష్టం లేదు. బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి లాగేది), మ్యానిఫోల్డ్ ప్యాకింగ్, వాడకుండా మూసిన మూతులు, ఇవన్నీ వదలకుండా చూడాలి. బ్రేక్ పెడల్ గట్టిపడినట్టు ఉంటే బూస్టర్ గొట్టం సంగతి తేలేవరకు బండి తీయకండి.

లీకు కట్టాక ట్రిమ్ దిగింది, ఊగుడు పోయింది, కానీ రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా, హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ఆర్‌పీఎం పడిపోయి వణుకు వచ్చేది. అది ఎర్త్. ఇంజన్ ఎక్కించే ముందు బానెట్ కింద అంతా అందంగా పెయింట్ కొట్టించారు, ఎర్త్ వైరు తెచ్చి ఆ పెయింట్ మీదే బోల్టు బిగించారు! చూడ్డానికి వైరు ఉంది, బిగుతుగా ఉంది, కరెంటుకి మాత్రం దారి లేదు. ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్, లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక కొసను ఇంజన్ బ్లాక్‌కి, ఇంకోదాన్ని బ్యాటరీ మైనస్‌కి పెట్టండి, తర్వాత బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య అలాగే చూడండి. 0.1 వోల్ట్ దాటకూడదు. దాటితే పెయింట్ గీకి ఇనుము కనబడేలా చేసి మళ్లీ బిగించండి, ఇంజన్ నుంచి బాడీకి విడిగా ఒక మందమైన ఎర్త్ వేయండి. సెన్సర్లు పంపే వోల్టేజీలన్నీ ఎర్త్‌తో పోల్చి చదివేవే కాబట్టి ఎర్త్ బాగాలేకపోతే ఈసీయూకి తప్పుడు లెక్కలు వెళ్తాయి, మీరేమో సెన్సర్లు మారుస్తూ పోతారు.

స్కానర్ గాలి ఎక్కువైందని చెబుతున్నా ప్లగ్గులు మాత్రం నల్లగా మసిపట్టి ఉంటే సైలెన్సర్ జాయింట్ చూడండి. మార్పిడిలో ఎగ్జాస్ట్ పైపు కోసి అతికిస్తారు, ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి వెళ్లి సెన్సర్‌ని మోసం చేస్తుంది, ఈసీయూ అక్కర్లేని పెట్రోల్ పోస్తుంది.

కూలెంట్ సెన్సర్ కూడా. రాత్రంతా నిలిపిన బండిలో పొద్దున స్టార్ట్ చేయకముందు కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే చూపాలి. మైనస్ 40 చూపిస్తే వైరు తెగినట్టు లేదా కనెక్టరే పెట్టనట్టు. మీటర్ ముల్లుకి ఒక సెన్సర్, ఈసీయూకి ఇంకొకటి ఉండే ఇంజన్లు ఉన్నాయి, ముల్లు సరిగ్గా ఉందని రెండోదాన్ని వదిలేయకండి. అలాగే ఏసీ ఆన్ అయిన కబురు ఈసీయూకి అందుతోందా, స్పీడ్ సెన్సర్ కలిపారా అడగండి. స్పీడ్ తెలియకపోతే కొన్ని ఈసీయూలు బండి ఆగుతున్నప్పుడు ఐడిల్‌ని సరిగ్గా పట్టుకోలేవు.

ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే మౌంటింగులు గట్టి పాలీయూరిథేన్‌వి వేశారా? అయితే ఇవన్నీ సరిచేశాక ఆర్‌పీఎం ముల్లు కదలకుండా నిలబడినా స్టీరింగ్‌లో కొంత వణుకు మిగులుతుంది. అది రోగం కాదు, మెత్తటి రబ్బరువి వేస్తే తగ్గుతుంది.

థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ క్లీనింగ్ లీకు, ఎర్త్ తేలాకే చేయించండి, ఆ తర్వాత ఐడిల్ రీలెర్న్ కూడా చేయాలి, లేదంటే లీకున్నప్పుడు నేర్చుకున్న పాత లెక్కలతోనే ఈసీయూ కొన్నాళ్లు తంటాలు పడుతుంది.

ఇంత చేసినా తగ్గకపోతే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజ్ (ఇంజన్ గాలిని ఎంత బలంగా పీలుస్తోందో కొలిచేది) పెట్టండి. సముద్రమట్టం దగ్గర మంచి ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం నిలకడగా చూపాలి, ఎత్తుకు వెళ్తే ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గించి చూసుకోండి. ముల్లు కదలకుండా తక్కువలో నిలబడితే టైమింగ్ గానీ మిగిలిన లీకు గానీ. ఒకే వరసలో టక్కుటక్కుమని పడి లేస్తుంటే ఏదో ఒక వాల్వ్ సరిగ్గా మూయడం లేదు, అప్పుడు సిలిండర్ లోపల ఒత్తిడి ఎంత వస్తోందో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించి సిలిండర్లన్నీ పోల్చండి. అందులో ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ వస్తే మీ మెకానిక్ మాట నిజమే, తప్పు ఇంజన్‌లోనే, విప్పి చూడాల్సిందే.