రేట్ల బోర్డు ముందు పెట్టు

చిరంజీవి అమ్మాయికి,

పిన్ని ఆశీస్సులు. మన ఊళ్లో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పదిమంది చేరారట, మిషన్లు నాలుగేనట. అదేం కొరత కాదులే. ఒకరు కుడుతుంటే మిగతావాళ్లు కటింగ్ చూడాలి. జాకెట్లు ఎక్కువగా చెడేది కత్తెర దగ్గరే.

మొదటి నెల్లోనే జాకెట్టు జోలికి పోకు. చీరకు ఫాల్ కుట్టడం, హుక్కులు, కాజాలు, చుడీదార్ బిగించడం నేర్పు. వీటికైతే ఇరుగుపొరుగు భయపడకుండా పని ఇస్తారు. మూడో వారానికి పిల్ల చేతిలో రెండు వందలు పడ్డాయంటే ఇంట్లోవాళ్లే టైముకు పంపిస్తారు. ఆర్నెల్లకు సంపాదిస్తుందని చెప్తే మాత్రం మిరపకోతలు రాగానే మాన్పించేస్తారు.

లైనింగ్ గుడ్డ ముందురోజు నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించమను. నేను తడపకుండా కుట్టిన పెళ్లివాళ్ల జాకెట్లు ఆరు, ఒక్క ఉతుక్కే ముడుచుకుపోయాయి. ఆ డబ్బు కట్టడానికి రెండు నెలలు పట్టింది.

అసలు కష్టమంతా డబ్బు అడగడంలో ఉంది. మన పిల్లలకు చెయ్యి తిరుగుతుంది గానీ నోరు రాదు. "మనవాళ్లే కదా, ఉండనీ అత్తా" అంటారు. నేనూ రెండేళ్లు అలాగే అన్నాను. మీ బాబాయి నా లెక్కల పుస్తకం చూసి, "షాపు పెట్టావా, సత్రం పెట్టావా?" అని నవ్వాడు. అప్పుడు గోడకు రేట్ల బోర్డు తగిలించాను. అడిగే పని బోర్డు చూసుకుంది, నా మొహమాటం తప్పింది.

ప్రతి పిల్ల చేతా లెక్క రాయించు. జాకెట్టుకు 250 తీసుకుంటే లైనింగు, దారం, హుక్కులకు 70 పోయి 180 మిగిలింది. నాలుగు గంటలు కూర్చుంటే గంటకు 45. అది చూశాక చెయ్యి వేగం పెంచాలో, రేటు పెంచాలో ఆ పిల్లకే తెలుస్తుంది.

ఇంకొకటి. బ్యాంకు ఖాతా, ఫోన్‌పే స్కానర్ ఆ పిల్ల పేరునే ఉండాలి. అన్న స్కానర్ పెడితే డబ్బు అన్నకే పోతుంది. ఆ తర్వాత అడిగి తీసుకోవడం మళ్లీ ఇంకో యుద్ధం.

సొంత మిషన్ కోసం అప్పుకు తొందరపడనివ్వకు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. పనిముట్లకు 15,000, తొలి విడత అప్పు లక్ష వరకు 5 శాతం వడ్డీకి. అయితే అది ఇంటికి ఒకరికే, అదీ ఇప్పటికే ఆ పని చేసుకుంటున్నవాళ్లకే. ఇంకా బాగా నేర్చుకోవాలనే పిల్లలుంటే బ్యాంకులు నడిపే ఆర్‌సెటి శిక్షణ కేంద్రంలో అడుగు. భోజనం, బస ఉచితం.

నా పాత ఓవర్‌లాక్ మిషన్ ఖాళీగానే ఉంది. శ్రావణమాసం రద్దీ తగ్గాక బస్సులో వేయిస్తాను. బెల్టు మాత్రం నువ్వే మార్పించుకో.

మీ పిన్ని