లేత్ పని కొంత వచ్చు, షోకేసులో పెట్టడానికి ఇత్తడి ఫిరంగి చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇరుసు దూర్చడానికి గొట్టానికి అడ్డంగా వేసే రంధ్రంతో మొదలుపెట్టండి. గొట్టాన్ని చెక్కడం ఆ తర్వాతే.

ఫిరంగి గొట్టానికి రెండు పక్కలా పొడుచుకొచ్చే ఇరుసు మొనలుంటాయి కదా, గొట్టం బండి మీద ఆనేది వాటి మీదే. అవి సరిగా కుదరకపోతే ఎంత నున్నగా చేసినా ఆ మోడల్ వంకరగానే కనిపిస్తుంది. నాకు లేత్ పని నేర్పిన పెద్దాయన చిన్న ఫిరంగి చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ఇత్తడి కడ్డీ ఇంకా గుండ్రంగా, ఒకే మందంలో ఉండగానే దాన్ని వీ-బ్లాక్‌లో, అంటే V ఆకారపు గాడి ఉన్న దిమ్మలో బిగించారు. పైన సన్నని స్టీల్ స్కేలు అడ్డంగా పెట్టి, డ్రిల్లింగ్ మెషిన్‌కు తగిలించిన మొనను దాని మీదకు దించారు. స్కేలు ఒక పక్కకి వాలింది. బ్లాక్‌ను ఆవగింజంత జరిపి మళ్ళీ దించారు. ఈసారి స్కేలు అటూ ఇటూ వాలకుండా నిలబడింది. "ఇప్పుడు నడిమధ్యలో ఉన్నట్టు. ఏటవాలుగా చెక్కేశాక ఇది మనకి పట్టు దొరకదయ్యా" అన్నారు. డ్రిల్ బిట్ కోసే అంచును కూడా ముందే రాయి మీద కొద్దిగా మొద్దు చేశారు. ఉక్కు కోసం పదును పెట్టిన బిట్ ఇత్తడిలోకి ఒక్కసారిగా దిగబడిపోతుంది, పనిని పట్టులోంచి లాగేస్తుంది. కళ్ళద్దాలు మాత్రం మర్చిపోకండి, ఇత్తడి పొట్టు సూదుల్లా ఎగురుతుంది. లేత్ పనికి దొరికే ఇత్తడిలో చాలా రకాల్లో సుమారు 3 శాతం సీసం ఉంటుంది, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

ఇక గొట్టం. చాలామంది దాన్ని వెనక నుంచి మూతి దాకా ఒకే వాలుగా చెక్కేసి, పైన ఉంగరాలు చేసి అతికిస్తారు. అది నాకు అస్సలు నచ్చదు. పాత ఫిరంగిలో మందుగుండు పేలేది వెనక భాగంలో, ఒత్తిడి ఎక్కువ కూడా అక్కడే. అందుకే అక్కడ లోహం మందంగా ఉండి, మెట్లు మెట్లుగా పల్చబడుతూ వస్తుంది. ఒక్కో భాగానికి వాలు వేరు, భాగానికీ భాగానికీ మధ్య పట్టీ ఉంటుంది. మూతి దగ్గర మళ్ళీ కొద్దిగా ఉబ్బుతుంది. ఆ పట్టీలను కడ్డీలోంచే మిగల్చాలి, మధ్య భాగాన్ని తగ్గించుకుంటూ రావాలి. పని ఎక్కువే, కానీ ఫిరంగికి ఫిరంగి రూపం వచ్చేది దానివల్లే.

అంత కష్టపడి చెక్కాక మెరుపు కోసం బఫింగ్ చక్రానికి ఇచ్చేవాళ్ళను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆ చక్రం పట్టీల అంచులన్నిటినీ అరగదీసి మొద్దు చేసేస్తుంది. మోడల్ ఫిరంగులు చెడిపోయేది చేతగానితనం వల్ల కాదు, ఈ మెరుపు పిచ్చి వల్లే అని నా గట్టి నమ్మకం. అసలు ఫిరంగులకు వాడిన కంచులో సుమారు తొమ్మిది వంతుల రాగికి ఒక వంతు తగరం ఉండేది, అది ఇంత పసుపుగా ఉండదు. సన్నని ఎమరీ కాగితంతో ఆపేసి, మూత పెట్టిన డబ్బాలో అమ్మోనియా ఆవిరి పట్టిస్తే ఇత్తడి గోధుమ రంగుకు తిరుగుతుంది. గాలి ఆడే చోటే చేయండి. కొట్టి వంచిన రేకు ముక్కలను మాత్రం అందులో పెట్టకండి. ఒత్తిడి మిగిలి ఉన్న ఇత్తడి అమ్మోనియా తగిలితే పగుళ్ళు తీస్తుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు పగిలింది ఈ కారణంతోనే.

అలంకారం కావాలంటే మెరుపుతో పని లేదు. బీజాపూర్‌లోని మాలిక్-ఎ-మైదాన్ చూడండి. 1549లో పోత పోసిన ఆ ఫిరంగి మూతిని ఏనుగును నమిలే సింహం తలగా మలిచారు. శిల్పమంతా మూతి దగ్గరే ఉంది, గొట్టం రూపం చెడలేదు.

"ఇది పేలుతుందా?" అని అందరూ అడుగుతారు. పేలకూడదు. మూతి రంధ్రాన్ని ఇరుసు దాకా పోనివ్వకుండా, చీకటి కనిపించేంత లోతులో ఆపండి. అప్పుడు ఇరుసును ఒకే కడ్డీగా ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్చవచ్చు, బలంగా ఉంటుంది, లోపల అడ్డంగా కనిపించదు. వెనక నిప్పంటించే చిల్లు చోట చిన్న గుంట చాలు. లోపలిదాకా తొలిచి, చిల్లు కూడా వేస్తే చాలా దేశాల్లో దాన్ని ఆయుధంగా లెక్కవేసే అవకాశం ఉంది. పైగా ఇలాంటి వాటిలో మందు కూరి చేతులు పోగొట్టుకోవడంలో ఏ కళా లేదు.

బండికి టేకు వద్దు, చిన్న సైజులో దాని గీతలు, రంధ్రాలు మరీ పెద్దగా కనిపిస్తాయి. సన్నని గీతలున్న కర్ర వాడండి. ఓడ ఫిరంగి బండి అయితే ముందు చక్రాలు వెనకవాటికన్నా కొంచెం పెద్దవిగా చేయండి. నాలుగూ ఒకే సైజులో చేసేస్తున్నారు ఈమధ్య, అది తప్పు.